ఇంకో పన్ను తీయించే ముందు, గడ్డం ఎందుకు మొద్దుబారిందో తేల్చండి

ప్రశ్న: మాది కామారెడ్డి జిల్లా. మా అత్తమ్మకు 61 ఏళ్లు, బీపీ, షుగర్ ఉన్నాయి. ఏడేళ్ల కిందట ఎడమ రొమ్ములో క్యాన్సర్ వస్తే హైదరాబాద్‌లో ఆపరేషన్ చేశారు. కీమో ఇచ్చి, కరెంటు (రేడియేషన్) కూడా పెట్టారు. తర్వాత ఐదేళ్లు లెట్రోజోల్ మాత్ర వేసుకున్నారు. ఎముకలు గుల్లబారకుండా ఆరు నెలలకోసారి సెలైన్‌లో ఏదో ఇంజెక్షన్ ఎక్కించేవాళ్లు. నాలుగు నెలల కిందట కుడివైపు కింది దవడ పన్ను నొప్పి మొదలైంది. అంతకు కొన్ని రోజుల ముందు నుంచే గడ్డం మీద చీమలు పాకినట్టుంది, పెదవి నాది కానట్టుంది అనేవారు. పళ్ల డాక్టర్ రూట్ కెనాల్ చేశారు, నొప్పి తగ్గలేదు. పన్ను బాగా కదులుతుంటే ఆరు వారాల కిందట తీసేశారు. ఆ గుంట ఇంకా మానలేదు, అందులోంచి ఎర్రటి కండ పైకొస్తోంది. రెండుసార్లు గీకి శుభ్రం చేశారు. మూడు రకాల యాంటీబయాటిక్స్ వాడాం. తిమ్మిరి మత్తు ఇంజెక్షన్ వల్లే అంటున్నారు. ఇప్పుడు పక్క పన్ను కూడా వదులైంది, వచ్చే వారం అదీ తీసేద్దాం అంటున్నారు. క్యాన్సర్ సంగతి మేం ఆ డాక్టర్‌కి చెప్పలేదు. ఆడపడుచుకు సంబంధాలు చూస్తున్నాం, బయట తెలిస్తే కష్టమని మామయ్య వద్దన్నారు. పాత జబ్బే దవడలోకి వచ్చిందా? పన్ను తీయించాలా? అత్తమ్మకు ఏం చెప్పాలి?

సమాధానం: అమ్మా, ముందు ఆ పక్క పన్ను తీయించడం ఆపండి. అపాయింట్‌మెంట్ రద్దు చేయమని ఈరోజే ఫోన్ చేయండి. ఏడేళ్ల కిందటి క్యాన్సర్ ఫైలు బయటికి తీసి, ఆనాడు వైద్యం చేసిన ఆంకాలజిస్ట్‌కి ఈ వారంలోనే చూపించండి. మీరు రాసింది చదివితే రొమ్ము క్యాన్సర్ దవడ ఎముకలోకి వచ్చి ఉండొచ్చన్న అనుమానం బలంగా కలుగుతోంది. నోరు చూడకుండా, స్కాన్ తీయకుండా అదేనని నేను చెప్పను, ఇంకెవరూ చెప్పకూడదు. కానీ ఆ అనుమానం తీరేదాకా దీన్ని పంటి జబ్బుగా చూడటం మానేయాలి.

నేను నోటి, దవడ ఆపరేషన్లు చేసే డాక్టర్‌ని. మీ ఉత్తరంలో నాకు అన్నిటికన్నా ఎక్కువ టెన్షన్ పెట్టిన మాట ‘పెదవి నాది కానట్టుంది’ అన్నది. పంటి నొప్పితో వచ్చినవాళ్లు సలుపుతోంది, జివ్వుమంటోంది, పోటు పెడుతోంది అంటారు. పిప్పి పన్నైనా, చిగుళ్ల జబ్బైనా నొప్పి పుట్టిస్తుంది, వాపు తెస్తుంది, పన్నును కదిలిస్తుంది. మామూలుగా పెదవికీ గడ్డానికీ స్పర్శ మాత్రం పోగొట్టదు.

కారణం ఇది. కింది దవడ ఎముక లోపల రెండు పక్కలా సన్నటి కాలువ ఉంటుంది. అందులో ఒక నరం వెనక నుంచి ముందుకు వస్తూ కింది పళ్లన్నిటికీ కొమ్మలు ఇస్తుంది. దవడ పళ్లు మొదలయ్యే చోటికి కాస్త కింద, ఎముకలో ఉన్న చిన్న రంధ్రంలోంచి బయటికి వచ్చి, ఆ పక్క కింది పెదవికీ గడ్డానికీ స్పర్శ ఇచ్చేది కూడా అదే నరం. ఎముక లోపల ఏదైనా పెరిగి ఆ నరాన్ని నొక్కినా, నరంలోకే చొచ్చుకుపోయినా పెదవి సగం, గడ్డం సగం మొద్దుబారతాయి. పెదవిని కదిలించే నరం వేరు కాబట్టి మూతి వంకరపోదు, నవ్వు మామూలుగానే ఉంటుంది. అందుకే ఇంట్లోవాళ్లకు పైకి ఏమీ కనబడదు, ఆమె చెబితే తప్ప తెలియదు.

వైద్యులు దీన్ని కనిపెట్టి రెండు వందల ఏళ్లు కావస్తోంది. నరాల మీద పరిశోధన చేసిన చార్లెస్ బెల్ అనే సర్జన్, 1830లో రొమ్ము క్యాన్సర్ ఉన్న ఒకావిడకు కింది పెదవి స్పర్శ పోవడం గురించి రాశాడు. 1963లో కాల్వర్లీ, మోనాక్ అనే ఇద్దరు వైద్యులు ఇలాంటి కేసులను ఒకచోట చేర్చి ‘నంబ్ చిన్ సిండ్రోమ్’ అని పేరు పెట్టారు. పెద్ద వయసులో, పన్ను తీయడం లాంటి కారణమేదీ లేకుండా ఒక పక్క గడ్డం మొద్దుబారితే క్యాన్సర్ లేదని తేలేదాకా వదలకూడదని అప్పటి నుంచీ వైద్య విద్యార్థులకు చెబుతున్నారు. క్లినిక్‌లో రోజుకు ముప్పై మంది పంటి నొప్పి వాళ్లను చూసే హడావుడిలో ఈ పాఠం మరుగున పడిపోతోంది, అదే నా బాధ.

మత్తు ఇంజెక్షన్ వల్ల కూడా నరం దెబ్బతిని తిమ్మిరి ఉండిపోవడం అరుదుగా జరుగుతుంది. జ్ఞానదంతం తీసినప్పుడు ఇంకొంచెం ఎక్కువగా జరుగుతుంది. కానీ ఇంజెక్షన్ వల్ల వచ్చిన తిమ్మిరి ఇంజెక్షన్ తర్వాతే కదా మొదలవ్వాలి? మీ అత్తమ్మకు రూట్ కెనాల్ కంటే ముందే చీమలు పాకాయి. ఈ వరుస చాలా ముఖ్యం. తిమ్మిరి ఎప్పుడు, నొప్పి ఎప్పుడు, రూట్ కెనాల్ ఎప్పుడు, పన్ను తీసింది ఎప్పుడు, కండ పైకి రావడం ఎప్పుడు అన్నది గుర్తున్నంత మటుకు ఒక కాగితం మీద రాసి డాక్టర్ చేతికి ఇవ్వండి. నోటితో చెబితే సగం పోతుంది.

స్పర్శ ఎంత పోయిందో ఇంట్లోనే చూడొచ్చు. అత్తమ్మను వెలుతురులో కూర్చోబెట్టి కళ్లు మూసుకోమనండి. దూదిని సన్నటి వత్తిలా పేని, దాని కొసతో ఎడమవైపు గడ్డం మీద, తర్వాత సరిగ్గా అదే చోట కుడివైపు తాకండి. ‘ఇప్పుడు తాకానా’ అని అడక్కండి, తాకినప్పుడల్లా ఆవిడనే వేలెత్తమనండి. మధ్యలో కొన్నిసార్లు తాకకుండా ఊరుకోండి. స్పర్శ లేనిచోట అంచులను కాటుక పెన్సిల్‌తో గుర్తు పెట్టి ఫోన్‌లో ఒక ఫోటో తీసుకోండి. చాలామందిలో ఆ గీత గడ్డం నడిమధ్య దాకా వచ్చి ఆగిపోతుంది, ఎందుకంటే అవతలి సగం అవతలి నరానిది. ఆ ఫోటో చూస్తే ఆంకాలజిస్ట్‌కి వేరే వివరణ అక్కర్లేదు.

ఏడేళ్లయింది, ఇక భయం లేదనుకున్నాం అని మీకు అనిపించడం సహజం. ఐదేళ్లు దాటితే గండం గడిచినట్టే అన్న మాట కొన్ని క్యాన్సర్ల విషయంలో చాలావరకు నిజం. ఒంట్లో ఈస్ట్రోజెన్ హార్మోన్‌ను తగ్గించే లెట్రోజోల్ ఇచ్చారంటే మీ అత్తమ్మది హార్మోన్ల మీద ఆధారపడే రకం. ఆ రకం పదేళ్లకు, పదిహేనేళ్లకు కూడా తిరగబెట్టగలదు. తిరగబెట్టినప్పుడు అది ఎక్కువగా వెళ్లేది ఎముకల్లోకే. వెన్ను, తుంటి, పక్కటెముకల తర్వాతే దవడ. నోట్లో కనబడే క్యాన్సర్లన్నిటిలో ఇలా వేరేచోటి నుంచి వచ్చినవి నూటికి ఒకటి ఉంటాయని లెక్క. అంత అరుదు కాబట్టే పళ్ల డాక్టర్‌కి వెంటనే తట్టదు.

దవడలోనూ ఇది ఎక్కువగా కూర్చునే చోటు కింది దవడ వెనక భాగం, పెద్ద దవడ పళ్ల కింద. పెద్దవాళ్లలో కూడా అక్కడి ఎముకలో రక్తకణాలు తయారుచేసే ఎర్ర మజ్జ కొంత మిగిలి ఉంటుంది. రక్తంలో తిరిగే క్యాన్సర్ కణాలు అలాంటిచోట ఆగి నాటుకుంటాయి. మన దురదృష్టం ఏమిటంటే ఎక్కువగా పుచ్చేవీ, ఎక్కువగా తీసేవీ కూడా ఆ పళ్లే. ఆడవాళ్లలో ఇది ఎక్కువగా రొమ్ము నుంచి వస్తుంది, మగవాళ్లలో ఊపిరితిత్తుల నుంచి, ప్రొస్టేట్ నుంచి, ఇద్దరిలోనూ కిడ్నీ, థైరాయిడ్, పెద్దపేగుల నుంచి. దాదాపు నాలుగో వంతు మందిలో మొట్టమొదట బయటపడేదే దవడలో. అంటే ఒంట్లో క్యాన్సర్ ఉందని వాళ్లకు పంటి కుర్చీలో కూర్చునేదాకా తెలియదు. మీ ఇంట్లో తెలుసు. కనీసం ఆ ఒక్క మేలు వాడుకోవాలి.

మన దగ్గర నోటి క్యాన్సర్ అనగానే గుట్కా, ఖైనీ, జర్దా గుర్తొస్తాయి. ఉత్తరాంధ్ర తీరంలో అయితే చుట్టను నిప్పు లోపలికి పెట్టి కాల్చే ఆడవాళ్ల అంగిళ్లు గుర్తొస్తాయి. ఆ క్యాన్సర్ నోటి చర్మంలో పుడుతుంది, పుండుగానో తెల్లమచ్చగానో ముందు పైకి కనబడుతుంది. దవడలోకి పాకి వచ్చేది ఎముక లోపలి నుంచి మొదలవుతుంది. పైన చిగురు శుభ్రంగా, గులాబీ రంగులో ఉండగానే లోపల ఎముక కరిగిపోతూ ఉండొచ్చు. ‘మా అత్తమ్మ జీవితంలో పొగాకు ముట్టలేదు’ అన్నది ఇక్కడ ధైర్యం ఇచ్చే మాట కాదమ్మా.

మరి ఎక్స్‌రేలో కనబడాలి కదా అంటారు. రూట్ కెనాల్ చేసేటప్పుడు నోట్లో పెట్టి తీసే చిన్న ఫిల్ములో రెండు మూడు పళ్లు, వాటి వేళ్ల చుట్టూ కొద్దిపాటి ఎముక మాత్రమే పడతాయి. నరం కాలువ చాలాసార్లు అందులోకి రాదు. పైగా మొదటి రోజుల్లో ఎముక లోపలి మెత్తటి భాగం పోయినా మామూలు ఎక్స్‌రేలో ఏమీ తెలియకపోవచ్చు. కొంచెం ముదిరాక వేరు చుట్టూ నల్లటి నీడ వస్తుంది. పంటి ఇన్ఫెక్షన్ వచ్చినా అచ్చం అలాంటి నీడే వస్తుంది. తేడా పట్టడానికి కొన్ని గుర్తులున్నాయి. ఇన్ఫెక్షన్ నీడ సాధారణంగా గుండ్రంగా వేరు కొసను పట్టుకుని ఉంటుంది. క్యాన్సర్ నీడ చెదలు తిన్న కర్రలా అంచులు లేకుండా ఇటూ అటూ చెదిరి ఉంటుంది, నరం కాలువకు రెండు అంచుల్లో ఉండాల్సిన సన్నటి తెల్ల గీత ఒకచోట చెరిగిపోయి ఉంటుంది. ఇంకో సులువైన పరీక్ష ఉంది. వేరు కొసలో ఇన్ఫెక్షన్ ఉందంటే ఆ పన్ను లోపలి నరం చచ్చిపోయి ఉండాలి. చల్లటి స్ప్రే కొట్టిన దూదిని పంటికి ఆనిస్తే జివ్వుమంటే అది బతికే ఉందన్నమాట. బతికున్న పంటి కింద అంత నీడ ఉంటే అది ఆ పంటి నుంచి వచ్చిందని ఎలా అనుకుంటాం? ఇప్పుడు వదులైన పక్క పంటికి ఈ పరీక్ష చేశారేమో అడగండి. పుచ్చు లేదు, చిగురు జబ్బు లేదు, పన్ను బతికే ఉంది, అయినా ఊగుతోందంటే దాన్ని పట్టుకుని ఉండాల్సిన ఎముకకు ఏదో అయిందని అర్థం.

మీ ఫైల్లో ఇంకో సంగతి ఉంది. ఆరు నెలలకోసారి ఎక్కించిన ఆ ఇంజెక్షన్ బహుశా జోలెడ్రోనిక్ యాసిడ్ అయి ఉంటుంది, డిశ్చార్జి కాగితాల్లో పేరు చూడండి. ఎముకలను కాపాడే మంచి మందే. కానీ అది ఎముకలో ఏళ్ల తరబడి నిలిచి ఉంటుంది. అలాంటి మందు తీసుకున్నవాళ్లలో కొందరికి పన్ను తీశాక గుంట మానదు, దవడ ఎముక అక్కడికక్కడ చచ్చి బయటపడుతుంది. 2003లో అమెరికాలో రాబర్ట్ మార్క్స్ అనే సర్జన్ దీన్ని మొదట వెలుగులోకి తెచ్చాడు. డెనోసుమాబ్ అనే చర్మం కింద వేసే ఇంజెక్షన్‌తోనూ ఇది వస్తుంది. ఆరు నెలలకోసారి ఇచ్చే మోతాదులో ముప్పు తక్కువ, ఎముకలకు పాకినవాళ్లకు నెలనెలా ఇచ్చే మోతాదులో ఎక్కువ. షుగర్ ఉంటే ఇంకొంచెం పెరుగుతుంది.

అంటే మీ అత్తమ్మ గుంట మానకపోవడానికి రెండు పెద్ద కారణాలు ఉండే వీలుంది. ఒకటి ఆ మందు, ఇంకోటి ఆ క్యాన్సర్. మందు వల్ల అయితే గుంటలో పసుపు తెలుపు రంగులో ఎముక బయటికి కనబడుతుంది, ముట్టుకుంటే గరగరలాడుతుంది. ఎర్రటి మెత్తటి కండ పొంగుతూ, తాకితే రక్తం కారుతూ ఉంటే రెండోదాని వైపు అనుమానం మొగ్గుతుంది. ఎప్పుడూ ఇంత స్పష్టంగా ఉండదు. మందు వల్ల చచ్చిన ఎముక అని పేరు పెట్టాలంటే ఎముక ఎనిమిది వారాలు దాటి బయటపడి ఉండాలి, ఆ దవడకు క్యాన్సర్ పాకిన ఆనవాలు ఉండకూడదు అని నిర్వచనంలోనే రాసుకున్నారు. కాబట్టి ఎటు తిరిగినా ముందు క్యాన్సర్ లేదని తేల్చాల్సిందే. ఈ రెంటిలో ఏదైనా సరే, తేలకుండా ఇంకో పన్ను పీకడం వల్ల నష్టమే తప్ప లాభం లేదు.

తేల్చేది ముక్క పరీక్షే (బయాప్సీ), అంటే ఆ చోటి నుంచి చిన్న ముక్క తీసి ల్యాబులో చూడటం. దానికి ముందు దవడ మొత్తం ఒకేసారి కనబడే ఓపీజీ ఎక్స్‌రే, దవడకు సీటీ తీస్తారు. ఆంకాలజిస్ట్ ఒళ్లంతా చూడటానికి పెట్ సీటీయో బోన్ స్కానో రాస్తారు. ఇక్కడొక జాగ్రత్త. పంటి ఇన్ఫెక్షన్ ఉన్నా, మానుతున్న గుంట ఉన్నా స్కాన్‌లో దవడ వెలుగుతుంది. స్కాన్ వెలిగిందని క్యాన్సర్ అనేయకూడదు, దవడ మామూలుగా ఉందని తిమ్మిరిని కొట్టిపారేయనూ కూడదు. దవడ బాగానే ఉండి, నరం పుర్రె అడుగుభాగంలో నొక్కుకుపోయినా గడ్డం మొద్దుబారుతుంది, దానికి ఎమ్మారై కావాలి. క్యాన్సర్ మార్కర్ల రక్తపరీక్ష ఒక్కదాన్ని పట్టుకుని ఏదీ నిర్ణయించకండి. రక్తంలో కాల్షియం మాత్రం చూడమని అడగండి. ఎముకల్లో జబ్బు ఉన్నప్పుడు అది పెరిగి మనిషి మగతగా అయిపోతే అదొక ఎమర్జెన్సీ.

ముక్క తీసేటప్పుడు గుంట పైపై కండ తీస్తే సరిపోదు. పైన ఉండేది ఎక్కువగా ఇన్ఫెక్షన్‌తో ఉబ్బిన కండే, రిపోర్టు ‘ఇన్ఫెక్షన్ మాత్రమే’ అని వస్తుంది, అందరూ ఊపిరి పీల్చుకుంటారు, ఇంకో రెండు నెలలు పోతాయి. లోతు నుంచి, కొద్దిగా ఎముకతో సహా తీయమనండి. తిమ్మిరి ఉండగా రిపోర్టు మంచిగా వస్తే మళ్లీ తీయమని అడగడానికి మొహమాటపడకండి. రెండుసార్లు గీకినప్పుడు వచ్చిన కండ ఏమైందో కూడా అడగండి. మానని గుంటలోంచి తీసిన ఏ కండైనా ఫార్మలిన్ సీసాలో పడి ల్యాబుకు వెళ్లాలి, చెత్తబుట్టలోకి కాదు.

ముక్క తీస్తే క్యాన్సర్ పాకుతుందని ఊళ్లో ఎవరో ఒకరు తప్పక అంటారు. దవడలో ముక్క తీసినందువల్ల జబ్బు ముదరదు. తీయకుండా గడిపిన నెలల్లో అది ముదురుతుంది.

పాత ఆపరేషన్ నాటి బ్లాకులు, స్లైడ్లు (అప్పుడు తీసి దాచిన గడ్డ ముక్కలు) ఆసుపత్రి ల్యాబులో ఉంటే వాటినీ అడిగి తీసుకోండి. కొత్త ముక్కను పాతదాని పక్కన పెట్టి చూస్తే రొమ్ము నుంచి వచ్చిందా, వేరేదా అని తేలుతుంది. ఏ రకం మందు పని చేస్తుందో చెప్పే ఈఆర్, పీఆర్, హెర్2 పరీక్షలు కొత్త ముక్క మీద మళ్లీ చేయించాలి. ఏడేళ్లలో కణాల స్వభావం మారే అవకాశం ఉంది, పాత రిపోర్టును బట్టి మందు రాస్తే గురి తప్పొచ్చు.

ఒకవేళ అదే అని తేలితే? మీకు అబద్ధం చెప్పను. దవడ ఎముకలోకి వచ్చిందంటే జబ్బు రక్తం ద్వారా పాకింది, పూర్తిగా తీసివేసి నయం చేసే దశ సాధారణంగా దాటిపోయింది. ఆ దవడ ఒక్కటీ కోసి తీసేస్తే పోయే జబ్బు కాదు. కాబట్టి అంత పెద్ద ఆపరేషన్ చేద్దామని ఎవరైనా అంటే ఆంకాలజిస్ట్ మాట వినకుండా ఒప్పుకోకండి. అయితే దీన్ని అదుపులో పెట్టడానికి ఇవాళ చాలా ఉంది. దవడకు కొద్ది సిట్టింగులు కరెంటు పెడితే నొప్పి, రక్తం కారడం చాలామందిలో తగ్గుతాయి. హార్మోన్ రకం అయితే హార్మోన్ మందుతో పాటు పాల్బోసిక్లిబ్, రైబోసిక్లిబ్ లాంటి మాత్రలు ఇస్తారు. వాటితో ఏళ్ల తరబడి ఇంటి పనులు చేసుకుంటూ ఉన్నవాళ్లు ఉన్నారు. 2023 జనవరిలో పేటెంటు గడువు తీరాక పాల్బోసిక్లిబ్ మన దేశంలో చాలా కంపెనీలు తయారుచేస్తున్నాయి, ధర బాగా దిగింది.

ఖర్చు గురించి మీరు అడగలేదు గానీ మనసులో ఉండే ఉంటుంది. హైదరాబాద్ రెడ్‌హిల్స్‌లో ఎంఎన్‌జే ప్రభుత్వ క్యాన్సర్ ఆసుపత్రి ఉంది. నోటి పరీక్షకు, ముక్క తీయించడానికి అఫ్జల్‌గంజ్‌లో ప్రభుత్వ డెంటల్ కాలేజీ ఉంది. ఆరోగ్యశ్రీలో క్యాన్సర్ వైద్యం ఉంటుంది, తెలంగాణలో దాని పరిమితి 2023 డిసెంబర్ నుంచి పది లక్షలు. ఆంధ్రలో ఉన్న పాఠకులకు ఎన్టీఆర్ వైద్య సేవ ఉంది, విశాఖ అగనంపూడిలో టాటా మెమోరియల్ వాళ్ల హోమీ భాభా క్యాన్సర్ ఆసుపత్రి ఉంది.

ఇక దాచిపెట్టిన సంగతి. ఆడపిల్ల పెళ్లి కాకుండా తల్లి క్యాన్సర్ మాట బయటికి రానివ్వకూడదన్న మీ మామయ్య భయం నాకు అర్థం కానిది కాదు, సంబంధాల దగ్గర మన జనం ఎలా మాట్లాడతారో నాకూ తెలుసు. ఊరికి చెప్పాలా వద్దా అన్నది మీ ఇష్టం. డాక్టర్‌కి చెప్పడం వేరు. ‘ఇంకేమైనా జబ్బులున్నాయా’ అన్న ప్రశ్నకు ‘బీపీ, షుగర్ తప్ప ఏమీ లేవు’ అన్న ఒక్క జవాబుతో ఆ పళ్ల డాక్టర్ చేతిలోంచి దారి చూపే దీపం లాక్కున్నట్టయింది. ఆయన రహస్యం కాపాడాల్సిన మనిషి. క్లినిక్ మీ ఊళ్లోనే ఉండి, కౌంటర్లో కూర్చునే అమ్మాయి మీ వీధిదే అయితే, లోపలికి వెళ్లాక తలుపు వేయమని అడిగి చెప్పండి. కాగితం మీద రాసి ఇవ్వండి. ఏ దారిలోనైనా చెప్పాలి. క్యాన్సర్ వచ్చిందనీ, ఎముక ఇంజెక్షన్ తీసుకుందనీ రెండూ చెప్పాలి.

అంతమాత్రాన ఆయన తప్పేమీ లేదని నేను అనను. పాత జబ్బు తెలియకపోయినా, గడ్డం తిమ్మిరి అని రోగి చెప్పినప్పుడు ఆగాల్సింది. మంచి రూట్ కెనాల్ తర్వాత కూడా నొప్పి తగ్గనప్పుడు, రెండో యాంటీబయాటిక్ కోర్సు పని చేయనప్పుడు మూడోది రాసే బదులు దవడ మొత్తం ఎక్స్‌రే తీయాల్సింది. ఇప్పుడు గొడవకు దిగకండి. మీకు ఆయన దగ్గరున్న మొదటి ఎక్స్‌రే, రూట్ కెనాల్ తర్వాతిది, పన్ను తీసే ముందుది అన్నీ కావాలి. నాలుగు నెలల్లో ఎముక ఎలా మారిందో వాటిలో వరుసగా ఉంటుంది. మర్యాదగా అడిగితే వాట్సాప్‌లో పంపిస్తారు.

అత్తమ్మకు ఏం చెప్పాలి అని అడిగారు. ముక్క తీయడానికి సంతకం పెట్టేది ఆవిడే, కాబట్టి దేనికోసం తీస్తున్నారో తెలియాలి. ఏడేళ్ల కిందట ఒకసారి ఈ దారంతా నడిచిన మనిషి, మీ అందరికన్నా ముందే ఆవిడకు అనుమానం వచ్చి ఉంటుందని నాకనిపిస్తోంది. ‘పుండు మానట్లేదు, పాత జబ్బుతో సంబంధం ఉందేమో చూడాలంటున్నారు, పరీక్ష చేయిద్దాం’ అని ఇప్పటికి ఇంత చెప్పండి. రిపోర్టు వచ్చాక ఎంత తెలుసుకోవాలని ఉందో ఆవిడనే అడగండి. కొందరు అంతా చెప్పమంటారు, కొందరు ‘నువ్వు చూసుకో బిడ్డా’ అంటారు. రెండూ సరే. అందరూ గుసగుసలాడుతూ ఆవిడ రాగానే మాట మార్చడం మాత్రం వద్దు. మీ ఆడపడుచు విషయం కూడా ఆంకాలజిస్ట్‌ని అడగండి. ఎన్నేళ్లకు పరీక్షలు మొదలుపెట్టాలి, జన్యు పరీక్ష అవసరమా అన్నది మీ అత్తమ్మ పుట్టింటి వైపు ఇంకెవరికైనా రొమ్ము, అండాశయం క్యాన్సర్ వచ్చిందా అన్నదాని మీద ఉంటుంది.

ఇది చదివి పంటి నొప్పి ఉన్న ప్రతివాళ్లూ కంగారు పడొద్దు. పంటి నొప్పుల్లో దాదాపు అన్నీ పంటి నొప్పులే. అయితే ఎప్పుడైనా క్యాన్సర్ వచ్చినవాళ్లు ఇంట్లో ఉంటే, వాళ్లకు పన్ను తీసిన గుంట మూడు వారాలైనా పూడకపోయినా, నోరంతా బాగుండి ఒక్క పన్నే కారణం లేకుండా ఊగినా, యాంటీబయాటిక్ రెండోసారి కూడా పని చేయకపోయినా నాలాంటి ఓరల్ సర్జన్‌ని కలవండి. పెదవి, గడ్డం మొద్దుబారితే వారాలు లెక్కపెట్టకుండా వెంటనే వెళ్లండి. ప్రొస్టేట్ క్యాన్సర్‌కి మందులు వాడే మగవాళ్లకు కూడా ఈ మాట వర్తిస్తుంది, పళ్ల డాక్టర్‌కి ఆ సంగతి చెప్పాలని వాళ్లకు అసలు తోచదు.

పరీక్షలు అయ్యేదాకా నొప్పికి పారాసిటమాల్ డాక్టర్ చెప్పిన మోతాదులో ఇవ్వండి. షుగర్, బీపీ ఉన్నవాళ్లు డైక్లోఫెనాక్ లాంటివి మెడికల్ షాపులో కొని రోజుల తరబడి మింగితే కిడ్నీలు దెబ్బతినొచ్చు. చాలకపోతే ఆంకాలజిస్ట్‌కి చెప్పండి, నొప్పి ఓర్చుకోవాల్సిన పని లేదు. మార్ఫిన్ మాత్రలు ఇచ్చే పాలియేటివ్ విభాగం ఎంఎన్‌జేలో ఉంది. మార్ఫిన్ అనగానే ఆఖరి రోజులని జడవకండి, నొప్పి ఉన్నన్నాళ్లూ వాడి, తగ్గాక డాక్టర్ చెప్పినట్టు ఆపేసే మందు అది. గుంటలో లవంగ నూనె, పసుపు, సున్నం కూరవద్దు, గోరువెచ్చటి ఉప్పునీళ్లు పుక్కిలిస్తే చాలు. ఆ పక్క ఎముక బలహీనపడి ఉంటే గట్టిగా కొరికినప్పుడు విరిగే ప్రమాదం ఉంది కాబట్టి సకినాలు, మక్క కంకులు, మటన్ బొక్కలు కొన్నాళ్లు పక్కన పెట్టండి. జొన్న రొట్టె పప్పులో నానబెట్టి, అన్నం మెత్తగా పిసికి పెరుగుతో పెట్టండి. మొద్దుబారిన పెదవికి వేడి తెలియదు, చాయ్ గ్లాసు మీరే ముట్టుకుని చూసి ఆవిడ చేతికి ఇవ్వండి.